స్టీల్ సింక్‌లో గీతలు పోయి మెరిసే మచ్చ మిగిలితే

గీతలు పోవాలని పాలిష్ కాంపౌండ్ (లోహాన్ని మెరిపించే పేస్టు) రుద్దారు కదా, అది మీ గీతల్నే కాదు, సింక్ పక్కన గిన్నెలు ఆరబెట్టే ప్లేటు మీద ఫ్యాక్టరీలో వేసిన సన్నటి వరస గీతల్ని కూడా తినేసింది. అందుకే ఆ ఒక్కచోట అద్దంలా మెరుస్తోంది. ఇంకా పాలిష్ చేస్తే మచ్చ పెద్దదవుతుంది, అంతే. ఆ వరస మళ్లీ వేయాల్సిందే.

1. డిష్‌వాష్ ద్రవంతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కాంపౌండ్ మైనం మిగిలితే ప్యాడ్ జారుతుంది.

2. బూడిదరంగు స్కాచ్‌బ్రైట్ ప్యాడ్‌ను చదునైన చెక్కముక్కకు చుట్టి, ముందు కనబడని మూలలో రుద్ది చూసుకోండి. ఫ్యాక్టరీ గీతకంటే మరీ సన్నగా పడితే, ఇంకాస్త గరుకైన మెరూన్ రంగుది వాడండి.

3. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: మచ్చ మీదే ముందుకీ వెనక్కీ రుద్దుతారు. పాత గీతల దిశలోనే, ప్లేటు ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకే ఊపులో లాగండి. చివర ప్యాడ్ పైకెత్తి, మళ్లీ మొదటి నుంచి. మధ్యలో ఆగినా, చెయ్యి తిప్పినా అక్కడ కొక్కెంలాంటి వంపు గీత పడుతుంది. దాన్ని తీయడం అసలు గీతకంటే తలనొప్పి.

4. పదిసార్లు లాగాక కడిగి, టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. మచ్చ అంచు కనబడకపోతే ఆపేయండి.

మామూలు ఇనప పీచు మాత్రం వద్దు. దాని తునకలు ఇరుక్కుని తుప్పు మరకలొస్తాయి.