జాజ్ కళాకారుడు బడికొస్తే...

ప్రశ్న: మా స్కూలు బ్యాండులో ఆల్టో శాక్సఫోన్, ట్రంపెట్, కీబోర్డు, డ్రమ్స్ వాయించే తొమ్మిదో తరగతి పిల్లలున్నారు. ఒక జాజ్ కళాకారుడు రెండు గంటలు నేర్పుతానన్నారు. ముందుగా ఏం సిద్ధం చేయాలి?
– సంగీతం టీచరు, పటమట, విజయవాడ

జవాబు: ఆయనతో కచేరీ మాత్రం చేయించకండి, పిల్లలు వింటూ కూర్చుంటారు, అంతే. బి ఫ్లాట్‌లో 12 బార్ల బ్లూస్ (ఒక్కో బారుకు నాలుగు లెక్కలుండే, జాజ్‌లో తరచూ వాడే పాట చట్రం) ఒక్కటే పిల్లలతో ముందే సాధన చేయించి ఉంచండి. కార్డుల (కలిపి మోగించే స్వరాల) వరుస ఇదీ: బి ఫ్లాట్ సెవెన్ 4 బార్లు, ఇ ఫ్లాట్ సెవెన్ 2, మళ్లీ బి ఫ్లాట్ 2, ఎఫ్ సెవెన్ 1, ఇ ఫ్లాట్ 1, చివర బి ఫ్లాట్ 2.

గొడవంతా శ్రుతి దగ్గరే. కాగితంలో ఒకే స్వరం రాసినా ఈ మూడు వాయిద్యాల్లో వేర్వేరుగా పలుకుతుంది. కీబోర్డు బి ఫ్లాట్ వాయిస్తే ట్రంపెట్ కాగితంలో సి, ఆల్టో కాగితంలో జి ఉండాలి. అందరికీ ఒకే కాగితం పంచితే అపశ్రుతే. మూడు కాగితాలు విడిగా రాయండి.

మెట్రోనోమ్ (లయకు చప్పుడు చేసే పరికరం) నిమిషానికి 50 చప్పుళ్లలో పెట్టి, ఆ చప్పుడు నాలుగు లెక్కల్లో 2, 4 మీద పడేలా చప్పట్లు కొట్టించండి. ఆది తాళం అలవాటైన పిల్లలు ఒకటో లెక్క మీదే బరువు వేస్తారు. స్వింగ్ (జాజ్‌లోని ఊగే లయ) రాకపోవడానికి తరచూ కారణమదే.

ఆయనొచ్చాక, ఆయన రెండు బార్లు, ఒక్కో పిల్లాడు రెండు బార్లు బదులు. మొదట మూడు స్వరాలే ఇవ్వమనండి. స్కేలంతా ఇస్తే పైకీ కిందికీ పరుగే తప్ప పాట పుట్టదు.