నాన్న అన్న మాట మనసులోంచి పోవట్లేదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇల్లు మియాపూర్‌లో. రాత్రి 7:30కి అమెరికా కాల్స్ మొదలైతే 10 దాటుతుంది. ఈమధ్య నాన్న తెనాలి నుంచి వచ్చి పది రోజులున్నారు. తిరిగి రైలెక్కుతూ ‘నిన్ను చూశాన్రా, మాట్లాడిందే లేదు’ అన్నారు. ఆరేళ్ల పాప కూడా నా దగ్గరకు రావడం తగ్గించింది. దసరాకు అందరినీ ఊటీ తీసుకెళ్దామనుకుంటున్నాను. సరిపోతుందా?

సమాధానం: ఆ మాట నాన్నగారు పది రోజులూ మనసులో దాచుకుని, రైలెక్కేటప్పుడు అన్నారు. మీ టెన్షన్లు చూసి ఆగి ఉంటారు.

ఊటీకి తప్పకుండా వెళ్లండి. కాకపోతే టికెట్లు, హోటల్, చూడాల్సిన చోట్లు అంటూ అక్కడా పరుగే. పెద్దవాళ్లయినా పిల్లలయినా ‘చెప్పు, వింటాను’ అని ఎదురుగా కూర్చుంటే ఏమీ చెప్పరు. చేతిలో చిన్న పని ఉండి, ఎవరికీ తొందర లేనప్పుడు వాళ్లే మొదలుపెడతారు.

ఈ ఆదివారం అరకేజీ చిక్కుడుకాయలు తెచ్చి, పాత పేపరు పరిచి, పాపతో నేల మీద కూర్చోండి. ఫోన్ వేరే గదిలో ఉంచండి. ఈనె తీయబోయి పాప కాయను సగానికి తుంచేస్తుంది, గింజలు సోఫా కిందకు దొర్లుతాయి. పోనివ్వండి. మీరొక్కరే పది నిమిషాల్లో చేసే పని నలభై నిమిషాలు పడుతుంది. పక్క బెంచీ పిల్లతో వచ్చిన గొడవ సంగతి అప్పుడే బయటకొస్తుంది. మొదటి వారం పాప ఏమీ మాట్లాడకపోతే నొచ్చుకోకండి, అలవాటు తప్పింది కదా.

ఉద్యోగం మానమని చెప్పను, ఈఎంఐలు ఎవరికైనా ఉంటాయి. కానీ నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. తూర్పు తీరంలో ఉదయం 10 గంటల మీటింగ్ మనకు 7:30 నుంచి 8:30కి మారుతుంది. మార్చి దాకా అంతే. ఆ గంటలో ఆఫీసు పనేదో వచ్చి చేరకముందే మేనేజర్‌కు చెప్పి, ఇంట్లో భోజనానికి ఉంచుకోండి. పాప నిద్రపోకముందే ముగ్గురూ కలిసి తినొచ్చు.

మీ ఉత్తరంలో మీ భార్య ఊసే లేదు. అది నాకు బాధగా అనిపించింది. ఇన్నాళ్లూ మీ వంతు పని కూడా ఆవిడే మోసి ఉంటారు. ఇవన్నీ మొదలుపెట్టే ముందు తనకేం కావాలో అడగండి.

నాన్నగారి కోసం సంక్రాంతి దాకా ఆగొద్దు. ఒక శుక్రవారం ఒక్కరే తెనాలి వెళ్లండి. పొద్దున్నే ఆయన కూరలకు బయల్దేరితే సంచి మీరు పట్టుకోండి. దారిలో ఎవరితోనో నిలబడి మాట్లాడుతుంటే వాచీ చూసుకోకుండా పక్కనే ఉండండి.