కుల పత్రం, బాప్తిస్మం: ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. తాతల కాలం నుంచి బ్రదరన్ అనే క్రైస్తవ సహవాసంలో ఉన్నాము. నేను పందొమ్మిదో ఏట బాప్తిస్మం పొంది, తరువాత ఉపాధ్యాయుడిగా పనిచేసి, రెండేళ్ల క్రితం రిటైరయ్యాను. ఇరవై ఆరేళ్ల మా అబ్బాయి టీచరు పోస్టుల పరీక్ష డీఎస్సీకి చదువుతున్నాడు. బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని, ఉద్యోగం వచ్చేదాకా ఆ మాట ఎత్తవద్దని అంటున్నాడు. గట్టిగా అడిగితే "మీ ఉద్యోగం కూడా ఆ సర్టిఫికెట్ మీదే కదా" అన్నాడు. అటువంటి వానితో భోజనము కూడా చేయకూడదని వాక్యం ఉంది గనుక మూడు నెలలుగా నేను వాడితో కలిసి తినడం లేదు. నా భార్య వాడికి అరుగు మీద వేరుగా వడ్డిస్తోంది. నేను చేస్తున్నది సరైనదేనా?

జవాబు: సహోదరునికి వందనములు. మీ ఉత్తరమంతా కుమారుని గురించే ఉన్నా, నన్ను ఆపింది మాత్రం అతడు మీ సర్టిఫికెట్ గురించి అన్న మాట. దానిని మీరు ఎదురు మాటగా రాశారే తప్ప అబద్ధమని రాయలేదు. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందు చట్టం సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు గాని క్రైస్తవులకు ఇవ్వలేదు. క్రైస్తవ మతం స్వీకరించిన ఎస్సీలను, వారి సంతతిని మన రాష్ట్రం బీసీ-సీలో చేర్చి ఒక్క శాతం రిజర్వేషన్ కల్పించింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఉన్నా, అవి జిల్లాలవారీగా, సబ్జెక్టులవారీగా చీలిపోయాక ఆ ఒక్క శాతంలో తన వంతుకు ఏమి మిగులుతుందో లెక్క వేసుకున్న యువకుణ్ణి ధనాపేక్ష గలవాడని తీసిపారేయడం న్యాయం కాదు.

ఈ చట్టం నీతిగా ఉందని నేనూ అనుకోవడం లేదు. మన డెల్టా ఊళ్లలో బాప్తిస్మం పొందిన వారు అదే పేటలో ఉన్నారు, ఊరివారు పిలిచే పిలుపూ మారలేదు. మందిరంలో ఒకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునే వారు కూడా పెళ్లి సంబంధం దగ్గరికి వచ్చేసరికి కులం అడుగుతారని మీకు నేను చెప్పనక్కరలేదు. ఎస్సీ హోదాకు మతంతో ముడి ఉండకూడదని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది, సుప్రీంకోర్టులో 2004లో వేసిన వ్యాజ్యం ఏళ్ల తరబడి నలిగింది, 2022లో కేంద్రం మరో కమిషన్‌ను వేసింది. అన్యాయమైన చట్టాన్ని మార్చమని బహిరంగంగా అడిగే హక్కు మనకు ఉంది. లోపల ఆరాధిస్తూ బయట హిందువునని సంతకం పెట్టే హక్కు మాత్రం లేదు. పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, క్రైస్తవ ఆచరణలో ఉంటూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పింది. మన రాష్ట్రపు 1993 కుల ధ్రువీకరణ పత్రాల చట్టం కింద తప్పుడు పత్రాన్ని కలెక్టరు రద్దు చేయవచ్చు, ఉద్యోగమూ పోతుంది. బాప్తిస్మం వాయిదా వేసినంత మాత్రాన తాను హిందువుగా లెక్కకు వస్తానని మీ కుమారుడు అనుకుంటే అది పొరపాటు. పుట్టినది మొదలు మందిరానికి వచ్చే మనిషి ఏ విశ్వాసాన్ని అవలంబిస్తున్నాడన్నదే విచారణలో ప్రశ్న అవుతుంది. ఈ సంగతి అతనికి తెలియాలి, అయితే బెదిరింపుగా కాదు.

బాప్తిస్మం విషయంలో మీరే తొందరపడుతున్నారని నా అభిప్రాయం. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదని, విశ్వసించినవాడే అడిగి తీసుకోవాలని బోధించే సహవాసం మనది. బైబిలులో అపొస్తలుల కార్యములలో ఐతియొపీయుడు నీళ్లు చూసి తానే బాప్తిస్మం అడిగాడు, అతనికి సువార్త చెప్పిన ఫిలిప్పు అతణ్ణి ఒత్తిడి చేయలేదు. నీళ్లకు కొదవ లేని సీమలో ఉన్నాము గనుక ఎవరినైనా కాలువలో దింపడం మనకు సులభమే. కాని తండ్రి కోపానికి జడిసి దిగినవాని సాక్ష్యం ఆ సర్టిఫికెట్ కంటే ఎక్కువ నిజమైనది కాబోదు.

ఇక మీ సంగతి. పందొమ్మిదో ఏట బాప్తిస్మం పొంది, ప్రతి ఆదివారం రొట్టె విరుస్తూ, సర్వీసు రిజిస్టరులో హిందువుగా కొనసాగి ఉంటే, మీ కుమారుడు ఈ దారిని లోకం నుంచి నేర్చుకోలేదు. 1836లో మన దేశానికి వచ్చిన బ్రదరన్ మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు నరసాపురంలో సేవ మొదలుపెట్టిన తరువాత విశ్వాసంలోకి వచ్చిన మన పెద్దల ఎదుట ఏ సర్టిఫికెట్టూ లేదు, వారికి ఈ శోధనా లేదు. ఇది మీ తరానికి వచ్చింది, మీరు దానిని మాట్లాడకుండా దాటేశారు. సువార్తలోని సుంకరి జక్కయ్య తన లెక్కను తానే ప్రభువు ఎదుట విప్పాడు. పెన్షను మీద, ఇతరత్రా దీని ప్రభావం ఏమిటో తెలిసిన న్యాయవాదిని ఒంటరిగా కలిసి తెలుసుకోండి. సంఘంలో చెప్పడమా, కార్యాలయంలో చెప్పడమా అన్నది ఆ తరువాత పెద్దలతో ప్రార్థించి నిర్ణయించుకోవచ్చు. కుమారుని ఎదుట "నీవు అన్నది నిజమే, నేను భయపడి చేశాను" అనడానికి మాత్రం న్యాయవాది అవసరం లేదు. ఆ మాట అన్నాక అతడు సర్టిఫికెట్ వదులుతాడని నేను హామీ ఇవ్వలేను. కనీసం మీరు చెప్పేది వింటాడు.

చివరగా మీరు ఎత్తిన వాక్యం. మొదటి కొరింథీ అయిదవ అధ్యాయంలో పౌలు చెప్పినది సహోదరుడనబడిన వాని గురించి. వెలుపలివారికి తీర్పు తీర్చడం తన పని కాదని అక్కడే రాశాడు. మీ కుమారుడు ఇంకా బాప్తిస్మం పొందలేదు, ప్రభువు బల్లలో పాలుపంచుకోలేదు, సంఘ క్రమశిక్షణ అతనికి వర్తించదు. వర్తించినా దానిని విధించవలసినది సంఘమే గాని ఒక్క తండ్రి తన ఇంటి అరుగు మీద కాదు. అంటరానితనాన్ని తరతరాలుగా భరించిన మన ఇళ్లలో, కన్నకొడుకుకు అరుగు మీద వేరే కంచం పెట్టించడం మీకు ఎలా చేతనైందో నాకు అర్థం కాలేదు. ఆ కంచాన్ని ఈ రాత్రే మీ చేతులతో లోపలికి తెచ్చి మీ పక్కన పెట్టండి.