ఫ్లయింగ్ మానొద్దు, కానీ ముందు ఇల్లు సర్దుకో

తల్లీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. కడుపుతో ఉన్నాను, ఈ ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగం మానేయనా పిన్నీ అని అడిగావు. మానొద్దు. కానీ ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే నీకు ఉపయోగం లేదు, ఎందుకంటే నువ్వు అసలు అడగాల్సింది వేరే ఉంది. రోస్టర్, అంటే ముందే ఇచ్చిన డ్యూటీల పట్టిక ప్రకారం నడిచే రోజులకి ఏర్పాటు ఎవరైనా చేసుకోగలరు. ఎప్పుడు పిలిచినా వెళ్లేలా స్టాండ్‌బైలో ఉండగా తెల్లవారుజామున ఫోన్ వచ్చిన రోజు, పొగమంచుకి ఢిల్లీలో దిగలేక ఫ్లైట్‌ని జైపూర్ మళ్లించి రాత్రికి అక్కడే ఉంచేసిన రోజు, బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? దానికి మనిషి పేరుతో సహా జవాబు ఉంటే ఈ ఉద్యోగం చేయొచ్చు. "ఎవరో ఒకరు చూస్తార్లే" అన్నది జవాబు కాదు.

ముందు కాగితాల సంగతి. కంపెనీకి ఇంకా చెప్పకపోతే ఈ వారమే చెప్పేయ్. గర్భం అని తెలిశాక మన క్యాబిన్ క్రూ వాళ్లని ఫ్లయింగ్‌లో ఉంచరు. అంత ఎత్తులో రేడియేషన్ ఎక్కువ, నిద్రకి వేళాపాళా ఉండదు, టర్బులెన్స్‌లో విమానం కుదిపేసి భోజనాల కార్ట్ వచ్చి పొట్టకి తగిలితే ఏం చేస్తావు? ఆ తర్వాత గ్రౌండ్ డ్యూటీ ఇస్తారా, జీతం లేని సెలవులో కూర్చోబెడతారా అన్నది కంపెనీని బట్టి ఉంటుంది కాబట్టి నోటిమాటగా వద్దు, మెయిల్‌లో అడుగు. ఎందుకంటే జీతంతో 26 వారాల ప్రసూతి సెలవు రావాలంటే డాక్టర్ ఇచ్చిన ప్రసవం తేదీకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజులు పని చేసి ఉండాలని చట్టం. ఆఫీసు ఉద్యోగాల వాళ్లకి ఆ రోజులు ఎలాగూ నిండుతాయి, బెంగ ఉండదు. మనల్ని మొదటి నెలల్లోనే విమానం దింపేస్తారు కనక ఆ రోజులు లెక్కపెట్టుకోవాల్సిన పని మనకి మాత్రం ఉంటుంది. ఇంకోటి, ఆ 26లో ప్రసవానికి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. కంపెనీలో కొందరు అది తప్పనిసరి అన్నట్టు మాట్లాడతారు, కాదు. గ్రౌండ్ డ్యూటీ దొరికి, ఒంట్లో బాగుండి, డాక్టర్ సరేనంటే ఆ వారాలు దాచుకో. ముందే 8 వాడేస్తే బిడ్డ పుట్టాక 18 మిగులుతాయి, అంటే నాలుగు నెలల పసికందుని వదిలి డ్యూటీకి పోవాలి. ఆరు నెలలూ తల్లిపాలే ఇవ్వమని డాక్టర్లు చెప్తారు, మరి ఎలా?

ఈ మాటలు అడిగేటప్పుడు దయచేసి నసగకు. మాకు ముందు తరం వాళ్లకి ఎయిర్ ఇండియాలో మొదటి గర్భంతోనే ఉద్యోగం పోయేది. నర్గేష్ మీర్జా అనే ఎయిర్‌హోస్టెస్ కేసులో 1981లో సుప్రీంకోర్టు ఆ రూల్ కొట్టేసింది. కోర్టుకెక్కి తెచ్చుకున్న హక్కుని నువ్వు సాయం అడిగినట్టు అడిగితే ఎలా?

ఇక అసలు పేచీ. బిడ్డని విజయనగరంలో తన దగ్గరే ఉంచేసుకుంటానని మీ అమ్మ అంటోందని రాశావు. మా అక్క మనసు నాకు తెలుసు, ప్రేమతోనే అంటోంది. అయినా నేను ఒప్పుకోను. నీకు వరసగా రెండు రోజులు ఆఫ్ వస్తే అందులో సగం నిద్రకి పోతుంది, మిగతా సగంలో హైదరాబాద్ నుంచి వచ్చి వెళ్లాలి. స్టాఫ్ టికెట్ ఉందిగా అనుకోకు, అది సీటు ఖాళీ ఉంటేనే. సిరిమాను పండక్కీ సంక్రాంతికీ వైజాగ్ ఫ్లైట్‌లో సీటు ఖాళీగా ఉండటం నువ్వెప్పుడైనా చూశావా? చివరికి విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్ట్ చూసుకుంటూ కూర్చుంటావు. మన ఊరి దగ్గరే భోగాపురం ఎయిర్‌పోర్ట్ ఉంది కదా పిన్నీ అంటావేమో. ఎయిర్‌పోర్ట్ ఉండటం వేరు, అక్కడ నీ కంపెనీకి క్రూ బేస్, అంటే నీ డ్యూటీలు మొదలయ్యే చోటు, ఉండటం వేరు. విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీయే అయినా నీ రోస్టర్ ఆయన వేయడు.

బిడ్డని ఊరికి పంపే బదులు ఊరినుంచి మనిషిని నీ బేస్‌కి తెచ్చుకో. అదీ ఒక్కరినే కాదు. మీ అమ్మ కొన్నాళ్లు, శ్రీకాకుళం నుంచి మీ అత్తగారు కొన్నాళ్లు వంతులేసుకుంటే ఎవరి మీదా భారం పడదు. వాళ్లకీ బీపీలు, షుగర్లు ఉన్నాయి, పైడితల్లమ్మ గుడికి పోవడం, పక్కింటి వాళ్లతో అరుగు మీద కబుర్లు ఉన్నాయి. అవన్నీ లాక్కుని అపార్ట్‌మెంట్‌లో నెలల తరబడి కూర్చోబెడితే కోపం ఎక్కడో ఒకచోట బయటికొస్తుంది, అది నీమీదే వస్తుంది. రానుపోను టికెట్లు నువ్వే తియ్యి, చేతిలో కొంత డబ్బు పెట్టు, వంటకి మనిషిని పెట్టు. అమ్మమ్మకైనా నాయనమ్మకైనా బిడ్డని ఎత్తుకోవడం ఇష్టం గానీ గిన్నెలు తోమడం ఇష్టం కాదు. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లల్ని చూసే క్రెష్ ఉండాలని చట్టం ఉంది, అది ఉందేమో కనుక్కో, కానీ తెల్లవారుజాము రిపోర్టింగ్‌కి అది ఏ మాత్రం పనికొస్తుందో కూడా కనుక్కో.

అల్లుడి సంగతి నువ్వేం రాయలేదు, అదే నాకు అనుమానం. సెలవు అయిపోకముందే నువ్వు వేరేచోట పడుకుని, రాత్రంతా బిడ్డని అతని చేతిలో పెట్టి చూడు. ఒకసారి కాదు, అలవాటయ్యేదాకా. ఫోన్ చేసి డైపర్లెక్కడ అని అడిగితే చెప్పకు, వెతుక్కోనీ. పిండిన పాలు బయట నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకూ బాగుంటాయి, అది కూడా అతనికి తెలియాలి. డ్యూటీ మీద వేరే ఊళ్లో ఆగే లేఓవర్‌లో నువ్వు పాలు పిండే పంప్ వాడటం మానొద్దు, మానితే పాలు తగ్గిపోతాయి, రొమ్ములు గడ్డకట్టి జ్వరం కూడా వస్తుంది. తిరిగి చేరేముందు సేఫ్టీ ట్రైనింగ్, పరీక్షలు మళ్లీ ఉంటాయి కనక చివరి వారాల్లో పుస్తకం తియ్యి. యూనిఫాం పట్టదేమో అన్న టెన్షన్ మాత్రం ఇప్పట్నుంచే పెట్టుకోకు.

చిన్న మాట, కానీ చాలామంది మర్చిపోతారు. రేపు ప్లేస్కూల్లో వేసినప్పుడు మొదటి నంబరు నీది ఇవ్వకు. నువ్వు గాల్లో ఉన్నప్పుడు బిడ్డకి జ్వరం వస్తే వాళ్లు స్విచాఫ్ ఫోన్‌కే చేస్తూ కూర్చుంటారు. పిల్లల డాక్టర్ నంబరు, ఇన్సూరెన్స్ కార్డు, ఆధార్ కాపీ, కొంత నగదు ఒక కవర్లో పెట్టి ఇంట్లో అందరికీ చూపించు. నైట్ ఫ్లైట్ చేసి వచ్చాక బిడ్డతో ఆడాలనిపిస్తుంది, ముందు పడుకో. నిద్రమత్తులో పసిబిడ్డకి స్నానం పోయడం మంచిది కాదు. వెళ్లేటప్పుడు నిద్రలో ఉండగా దొంగలా జారుకోకు, ఏడ్చినా సరే చెప్పి వెళ్లు. చెప్పకుండా పోతే నువ్వు బాత్రూమ్‌కి వెళ్లినా ఏడుస్తుంది. నా ఇద్దరి దగ్గరా ఇదే చూశాను.

"పసిగుంటని ఒగ్గీసి ఎలాగెళ్లిపోతాదో" అనేవాళ్లు మన పెళ్లిళ్లలో ఉంటారు. మన జిల్లా నుంచి గుజరాత్ వీరావల్‌కి చేపల వేటకి వెళ్లి నెలల తరబడి రాని తండ్రులున్నారు, పుట్టిన బిడ్డని సెలవు దొరికాక చూసుకున్న జవాన్లున్నారు. వాళ్లనెవరూ ఈ మాట అడగలేదు. నన్ను అడిగినప్పుడు నవ్వి ఊరుకునేదాన్ని, నువ్వు ఊరుకోనక్కర్లేదు.

హెచ్‌ఆర్‌కి మెయిల్ రాసి పంపేముందు నాకు చూపించు. మీ అమ్మతో నేను మాట్లాడతాను. నీ మాట వినదు గానీ నా మాట వింటుంది.

మీ పిన్ని