మాథ్యూస్ పక్కన మార్నరా, నైలాండరా?

"టొరంటో మేపుల్ లీఫ్స్ ఐస్ హాకీ జట్టులో ఇద్దరూ ఉన్నప్పుడు మాథ్యూస్ లైన్లో (కలిసి దాడికి దిగే ముగ్గురిలో) ఎక్కువగా మార్నర్‌నే ఎందుకు పెట్టారు, నైలాండర్ ఏం తక్కువ?" అని ఒకరు అడిగారు. తక్కువేం కాదు. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఎవరు తీసుకెళ్తారు, ఎవరు కొడతారు అన్న లెక్క అది.

మాథ్యూస్ షూటర్. 2021-22లో 60 గోల్స్, 2023-24లో 69. అతను ఖాళీ చూసుకుని చేరే సమయానికి పక్ అందించేవాడు కావాలి. మార్నర్ డిఫెన్స్‌వాళ్లను తనవైపు లాగి, చివరిదాకా ఆగి పాస్ ఇస్తాడు. వెనక్కొచ్చి పక్ లాక్కోవడంలోనూ దిట్ట. నైలాండర్ అలా కాదు, పక్‌ని తనే బ్లూ లైన్ (ప్రత్యర్థి నెట్ వైపు భాగం మొదలయ్యే గీత) దాటించి తనే కొట్టే రకం. అందుకే లీఫ్స్‌లో మరో సెంటర్ (లైన్ మధ్యలో ఆడేవాడు) టవారెస్‌తో బాగా కుదిరాడు. టవారెస్‌కి వేగం తక్కువ, నెట్ ముందు బలం ఎక్కువ. పక్ మోసే పని నైలాండర్ చూసుకుంటే అతను నేరుగా వెళ్లి నెట్ ముందు నిలబడొచ్చు.

నేను టొరంటో దగ్గర బ్రాంప్టన్‌లో పెద్దవాళ్ల లీగ్‌లో, అదీ కింది డివిజన్‌లో, లెఫ్ట్ వింగ్ (లైన్‌కి ఎడమవైపు) ఆడతాను. మా సెంటర్ స్కేటింగ్ అదరగొడతాడు కానీ పక్ వదలడు. ఒక సీజన్ కుడివైపు కూడా అలాంటి కుర్రాడే వచ్చాడు. ఇద్దరిలో ఎవరో ఒకరు పక్‌తో తిరుగుతుంటే, ఆఫ్‌సైడ్ (పక్ కంటే ముందే ఆ గీత దాటే తప్పు) పడకుండా బ్లూ లైన్ దగ్గర బ్రేకులేయడమే నా పని. పక్ లాక్కోడానికి కార్నర్‌లోకి (నెట్‌కి పక్కన రింక్ మూలలోకి) దిగేవాడే లేడు! తర్వాత ఆ చోటికి యాభై దాటిన ఒకాయన వచ్చారు. స్టిక్ తిప్పే నైపుణ్యం అంతంతమాత్రమే, కానీ బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడ) దగ్గర ఆయన్ని కదిలించడం ఎవరి తరం కాదు. పోయిన పక్ మళ్లీ మాకే వచ్చేది. గోల్స్ మాత్రం సెంటర్ ఖాతాలో పడేవి, అది వేరే సంగతి.

ఎన్‌హెచ్‌ఎల్‌లో (లీఫ్స్ ఆడే ఉత్తర అమెరికా పెద్ద హాకీ లీగ్‌లో) అలా మూలల్లో పక్ లాక్కొచ్చే పనికి పేరుపడ్డవాడు జాక్ హైమన్. టొరంటోలో ఏ సీజన్లోనూ 21 గోల్స్ దాటలేదు. 2021లో ఎడ్మంటన్ జట్టుకి వెళ్లాక వరసగా 27, 36, 54. ఆట పెద్దగా మారలేదు, అదే కార్నర్, అదే నెట్ ముందు తోపులాట. అక్కడి స్టార్ సెంటర్ మెక్‌డేవిడ్ పాస్‌లు, మొదటి పవర్ ప్లే యూనిట్‌లో (ప్రత్యర్థికి పెనాల్టీ పడి ఆటగాళ్లు తగ్గినప్పుడు దిగే బృందంలో) చోటు కలిసొచ్చాయి. అలాగని అంతా మెక్‌డేవిడ్ పుణ్యమే అనడం నాకు నచ్చదు. రీబౌండ్ (గోలీకి తగిలి తిరిగొచ్చే పక్) ఎటు పడుతుందో ముందే పసిగట్టి, దెబ్బలు తింటూ అక్కడే నిలబడటం అందరివల్లా అవుతుందా?

నన్నడిగితే హైమన్, మాథ్యూస్, మార్నర్ కలిసి ఆడిన లైనే లీఫ్స్‌కి బాగా కుదిరింది. ఒకడు పక్ తెస్తాడు, ఒకడు ఇస్తాడు, ఒకడు కొడతాడు. హైమన్ వెళ్లాక 2021-22లో ఆ చోట ఎక్కువగా మైకేల్ బంటింగ్‌ని ఆడించారు. అతనూ నెట్ ముందు గొడవపడే రకమే, 63 పాయింట్లు (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి) తెచ్చాడు.

2025లో మార్నర్ కూడా వేగస్ జట్టుకి వెళ్లిపోయాడు. ఇక మాథ్యూస్, నైలాండర్‌లను ఒకే లైన్లో పెట్టమనేవాళ్లు, ఎడమవైపు కార్నర్‌లోకి ఎవరు దిగుతారో ముందు చెప్పాలి.