తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ దగ్గర, కొండ వార ఇల్లు అద్దెకు తీసుకోవచ్చా?

విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చిందనీ, చిన్నపిల్లలతో కొండ వారనున్న కాలనీల్లో కాపురం పెడితే చిరుతల భయం ఉంటుందా అనీ అడిగారు. కపిలతీర్థానికీ విశ్వవిద్యాలయానికీ నడుమ కొన్నేళ్లుగా అద్దెకుంటున్నవాడిగా చెబుతున్నాను: నిక్షేపంగా ఉండవచ్చు, అయితే చిరుత కంటే ముందు వంకను, అంటే కొండ నీళ్లు పారే వాగును, చూసుకోండి.

తిరుమల కొండలు ఊరికి ఉత్తరాన ఉన్నాయి కాబట్టి, వాటి ఇవతలి వాలు మీద పడిన వాన మన వీధుల వైపే దిగుతుంది. ఇక్కడ గట్టి వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మిగతా కాలమంతా ముళ్లకంపతోనో చెత్తతోనో నిండి ఖాళీ స్థలంలా కనిపించే వంకలు ఎలా పారగలవో 2021 నవంబరులో ఊరంతా చూసింది. ఆ వరద కపిలతీర్థం ఆలయంలోని మండపాన్ని సైతం దెబ్బతీసింది. చిక్కేమిటంటే, విద్యార్థులు ఖాళీ చేసి వెళ్లడం వల్ల ఇళ్లు ఎక్కువగా దొరికేది ఎండాకాలంలోనే, వంక ఆనవాలు తెలియనిదీ అప్పుడే. అందువల్ల అడ్వాన్సు ఇచ్చే ముందు, కొండ నీళ్లు ఏ దారిన దిగుతాయో ఆ వీధిలో పాతకాలం నుంచి ఉన్నవారిని అడగండి. ఇంటి యజమానిని అడిగితే మాత్రం ఏ యజమానైనా ఒకే సమాధానం చెబుతాడు.

ఇక చిరుతల సంగతి. 1954లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయపు ఆవరణ శేషాచలం అడవికి చేరువగా, చెట్లూ పొదలతో ఉంటుంది. చిరుత అప్పుడప్పుడు కనబడిందన్న వార్త రావడంలో వింత లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక ఆరేళ్ల పాపను చిరుత చంపిన తరువాత ఈ భయాన్ని ఎవరూ తేలికగా తీసుకోవడం లేదు. అయితే కాలనీల దాకా దానిని రప్పించేది ఎక్కువగా వీధికుక్కలు, కుక్కలను పోగుచేసేది మనం పారేసే మిగుళ్లు. కనుక చెత్తకుప్ప పక్కనున్న ఇల్లు వద్దు. పొద్దుగూకిన తరువాత పిల్లలను పొదల వైపు ఒంటరిగా పంపవద్దు.

రోజూ విసిగించేవి కోతులే. బాల్కనీకి జాలీ, నీళ్ల ట్యాంకుకు బిగుతైన మూత ఉన్నాయో లేదో చూడండి. పై అంతస్తు చవకగా వస్తున్నా నేనైతే తీసుకోను. మే నెలలో పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాటినా చల్లబడదు.