తొమ్మిది కథల ఆట పుస్తకానికి ఎంత ధర పెట్టాలి?

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. ఫ్రెండ్స్‌తో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట ఆడుతూ, దానికోసం ఇంగ్లిష్‌లో తొమ్మిది సాహస కథలు రాశాడు. అన్నీ కలిపి ఆన్‌లైన్‌లో 25 డాలర్లకు అమ్ముతాడట. 500 పుస్తకాలు అచ్చు వేయించడానికి 80 వేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా? ఇందులో కెరీర్ ఉంటుందా?

జవాబు: అచ్చుకి డబ్బులు ఇవ్వకండమ్మా. రాయడం మాత్రం మాన్పించకండి.

ముందు ఈ సరుకు ఏంటో, ఎవరు కొంటారో చెప్తాను, ధర సంగతి దాని నుంచే తేలుతుంది. ఈ ఆట 1974లో అమెరికాలో మొదలైంది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని తలో వీరుడి పాత్ర తీసుకుంటారు, ఒకరు మాత్రం కథ నడిపిస్తారు, ఆ ఒకర్ని డన్జన్ మాస్టర్ అంటారు. మీవాడు రాసింది ఆ ఒక్కరి కోసం. అంటే ఐదుగురు ఆడే చోట అమ్ముడయ్యేది ఒక్క కాపీనే. ఆ మనిషి కూడా కథలు అల్లడం చేతకాక కొనడు, శనివారం రాత్రి ఆటకి శుక్రవారం దాకా తీరిక దొరక్క కొంటాడు, మనం కొట్లో రెడీగా దొరికే ఇడ్లీ పిండి తెచ్చుకున్నట్టు. కాబట్టి అతను డబ్బులిచ్చేది పేజీలకు కాదు, మిగిలే టైంకి. మ్యాప్ స్పష్టంగా ఉందా, రాక్షసుడి బలం, ప్రాణం చెప్పే అంకెలు అదే పేజీలో దొరుకుతున్నాయా, ఆటగాళ్లు అనుకోని దారి పడితే ఏం చెయ్యాలో రాసుందా, ఇవే చూస్తాడు. చాలామంది కుర్రాళ్లు రెండు పేజీల రాజవంశ చరిత్రతో మొదలుపెడతారు, అది ఎవడూ చదవడు.

ఇక 25 డాలర్లు. ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను. ఆ ఆట కంపెనీ 2021లో తెచ్చిన క్యాండిల్‌కీప్ మిస్టరీస్‌లో 17 సాహసాలు, గట్టి అట్ట, ధర 49.95 డాలర్లు. మావి తొమ్మిది కదా, సగం ధర అనుకుని ఉంటాడు. లెక్క కరెక్టే, కానీ ఆ ధరలో రంగు బొమ్మలు, ఎడిటర్లు, దశాబ్దాల పేరు అన్నీ ఉన్నాయి. పేరు తెలియని కుర్రాడి పీడీఎఫ్‌కి 25 అంటే కొనేవాడు పేజీ మూసేసి పోతాడు. నేనైతే తొమ్మిదీ ఒకేసారి బయట పెట్టను. అన్నిటికంటే బాగా ఆడిన ఒక్క కథని, మొదట 2.99 డాలర్లకు పెట్టమంటాను. ఎంతిస్తే అంత అనే పద్ధతి కూడా ఉంది, కానీ అలా పెడితే ఎక్కువమంది సున్నా కొట్టి దించుకుని పక్కన పడేస్తారు. రెండు మూడు డాలర్లయినా పెట్టినవాడు తెరిచి చూస్తాడు, ఆడిస్తాడు, నచ్చకపోతే తిడతాడు కూడా, ఆ తిట్లు మీవాడికి ఇప్పుడు చాలా అవసరం. అవి సరిదిద్దుకున్నాక మొత్తం సంకలనం 9.99 నుంచి 12.99 మధ్య పెట్టుకోవచ్చు. తర్వాత డిస్కౌంట్ ఇవ్వడం తేలిక, ధర పెంచడమే కష్టం.

ఎక్కడ అమ్మాలన్నది కథల్లో ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. వాటర్‌డీప్ లాంటి కంపెనీ వాళ్ల నగరాలు వాడుకుని ఉంటే డీఎంస్ గిల్డ్ అనే సైట్‌లోనే అమ్మాలి, అక్కడ రాసినవాడికి సగమే వస్తుంది, అదే కథని ఇంకెక్కడా పెట్టకూడదు. లోకం అంతా సొంతదైతే దారి పెద్దది: 2023 జనవరిలో కంపెనీ తన మూల నియమాల పత్రాన్ని, అదే ఎస్‌ఆర్‌డీ 5.1ని, క్రియేటివ్ కామన్స్ అనే, ఎవరైనా వాడుకోగల లైసెన్స్ కింద వదిలేసింది. అందులో చెప్పిన రెండు లైన్ల క్రెడిట్ పుస్తకంలో పెట్టి, 5ఈ కంపాటిబుల్ (ఆట ఐదో ఎడిషన్‌కి సరిపోతుంది) అని రాసుకుని ఎక్కడైనా అమ్ముకోవచ్చు. లోగో మాత్రం వాడకూడదు. బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటి వాళ్ల సొంత రాక్షసులుంటే తీసేయమనండి. వాటి బదులు కొరివి దయ్యాన్నో బేతాళుణ్ణో పెట్టమనండి, గుహ కావాలంటే బెలుం గుహల్లాంటిది, కోట కావాలంటే పెన్నా లోయ అంచున ఉన్న గండికోట లాంటిది. ఇదేదో మాతృభూమి అభిమానంతో చెప్పడం లేదు, గోబ్లిన్ల గుహలు ఆ మార్కెట్లో కుప్పలుగా ఉన్నాయి, ఇంకొకటి ఎవరికీ కనబడదు.

సొంత లోకమైతే డ్రైవ్‌త్రూఆర్‌పీజీ అనే ఆట పుస్తకాల సైట్‌లో 65 శాతం మనకొస్తుంది, అక్కడ మాత్రమే అమ్ముతానని ఒప్పుకుంటే 70. ఇచ్.ఐఓ అనే ఇంకో సైట్‌లో సైట్ వాటా ఎంతో అమ్మేవాళ్లే నిర్ణయించుకోవచ్చు, మామూలుగా 10 శాతం. మొదటి పుస్తకానికి 5 శాతం ఆశకి ఒకే చోట కట్టుబడటం నాకు నచ్చదు, రెండు చోట్లా పెట్టమనండి. 9.99 డాలర్ల పుస్తకం మీద 65 శాతం అంటే 6.49 డాలర్లు. వంద కాపీలు పోతే 649. డ్రైవ్‌త్రూలో ఎక్కువ అమ్ముడైన వాటికి ఇచ్చే బ్యాడ్జీల్లో అన్నిటికంటే కింది మెట్టు, కాపర్, సుమారు 50 కాపీలు దాటితే వస్తుంది. ఆ యాభై దాటడమే కొత్తవాళ్లకి ఒక విజయం అన్నమాట. దీన్ని పక్కన పెట్టుకుని మీవాడి 500 అచ్చు కాపీల సంగతి ఆలోచించండి.

అచ్చు కాపీ కావాలనే వాళ్లుంటారు, కాదనను. వాళ్లకోసం ఆర్డర్ వచ్చినప్పుడే ఒక్క కాపీ అచ్చు వేసి పంపే పద్ధతి డ్రైవ్‌త్రూలోనే ఉంది, మన దేశంలో పోతి.కామ్ లాంటివి ఉన్నాయి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే నంబర్ కోసం ఎవరైనా వేలు అడిగితే ఇవ్వకండి, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది, పీడీఎఫ్ ఒక్కటే అమ్మితే అదీ అక్కర్లేదు. పుస్తకం రాకముందే జనం దగ్గర డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్‌లో పెడతానంటాడేమో, ఇండియాలో ఉండి అక్కడ ప్రాజెక్ట్ మొదలుపెట్టడం కుదరదు. డాలస్‌లో ఉన్న బావ పేరు మీద పెడదాం అనే ఐడియా కూడా వస్తుంది, చూస్తూ ఉండండి. అప్పుడు టాక్సు, పుస్తకాలు పంపే పూచీ అన్నీ ఆ బావ నెత్తినే పడతాయి. మొదటి పుస్తకానికి ఆ తలనొప్పి వద్దు.

డబ్బులు పేపాల్‌కి రావాలంటే పాన్ ఉండాలి. అమెరికా సైట్ డబ్ల్యూ-8బెన్ అనే, విదేశీయుల పన్ను ఫారం అడిగితే శ్రద్ధగా నింపమనండి. అక్కడ పన్ను పట్టుకునే రాయల్టీ అయితే మామూలుగా 30 శాతం కోస్తారు, రెండు దేశాల ఒప్పందాన్ని ఆ ఫారంలో చూపిస్తే 15 శాతమే. వచ్చిందాన్ని ఇక్కడ రిటర్నుల్లో చూపించాలి, ఒక్కసారి సీఏని కలవండి.

ఆ 80 వేలల్లో ఒక 15 వేలు మాత్రం ఇవ్వవచ్చు. ఇంగ్లిష్ దిద్దేవాళ్లకి కొంత, మంచి అట్టబొమ్మ గీసేవాళ్లకి కొంత. ఏఐ బొమ్మలతో సరిపెడతానంటే, డ్రైవ్‌త్రూలో ఆ విషయం చెప్పి తీరాలి, ఈ ఆటవాళ్లలో చాలామందికి అవి గిట్టవు కూడా.

కెరీర్ అంటారా, వీటి అమ్మకాల మీదే బతకడం కష్టం. వేరే ప్రచురణకర్తలకి రాసినా పదానికి 5 నుంచి 10 సెంట్ల దగ్గర తిరుగుతుంది, అదీ రెగ్యులర్‌గా రాదు. కానీ హైదరాబాద్, బెంగళూరు, పుణెల్లో గేమ్ స్టూడియోలున్నాయి, వాటిలో గేమ్‌లో కథలు, సాహసాలు అల్లే నరేటివ్ డిజైనర్, క్వెస్ట్ డిజైనర్ లాంటి ఉద్యోగాలకి కోడింగ్ వచ్చి, పైగా ముక్కూమొహం తెలియని వాళ్లు కొని ఆడిన సాహసం ఒకటి చూపించగలిగే కుర్రాడు మామూలు రెజ్యూమే కంటే ముందుంటాడు. అందుకే డిగ్రీ, క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ రెండూ వదలకూడదు. మొదటి కథ ఈ సెమిస్టర్ సెలవుల్లో బయటికి రావాలి, ఫైనల్ ఇయర్ మొదలయ్యాక వాడికి ఎడిటింగ్‌కి కూర్చునే టైం ఉండదు. ముందు ఆ కథని వాడు పక్కన లేకుండా వేరే ఫ్రెండ్ ఎవరైనా చదివి, ఆడించి చూడాలి, ఎక్కడ ఆగి ఫోన్ చేసి అడిగారో అక్కడల్లా తిరగరాయాలి.